లేవని చెయ్యి

ఎస్సై కల్పన చేరేసరికి మునిరాజ శవాన్ని వేపమాను మీదినుంచి దింపి గోనెపట్టా మీద పడుకోబెట్టారు. తాడు కోయడానికి కానిస్టేబుల్ ఒకడు మాను ఎక్కవలసి వచ్చిందట. అతని మోచేతులు గీసుకుపోయాయి. వాటి మీద నీళ్లు పోసుకుంటూ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. కల్పన తలెత్తి చూసింది. కొమ్మకు తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. ఆమె చెయ్యి చాచినా, మడమలెత్తి చాచినా దానికి అందేది కాదు.

ఆ నేల మునిరాజదే. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారికి ఎడంగా, కొండవాలులో, మాజీ సైనికులకని ప్రభుత్వం ఇచ్చిన మూడు నేల చెక్కల్లో నడిమిది. పై చెక్క కుప్పంలో ఉండే చెంగయ్యది. కింది చెక్క మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర కాపలా కాసే ఎల్లప్పది. ముగ్గురూ సైన్యంలో చేసి వచ్చినవాళ్లే. విప్పేవాళ్లు లేక మునిరాజ గొర్రెలు ముళ్లకంప దొడ్డిలోనే అరుస్తున్నాయి.

ఫోన్ మోగింది. సీఐ సుదర్శన్.

"సూసైడే కదమ్మా? ఆర్మీవాళ్ల సంగతి తెలిసిందే. తాగుడు, దిగులు. పంచనామా రాసేసి, మధ్యాహ్నానికి పోస్టుమార్టం చేయించి బాడీ ఇచ్చేయ్."

"చూస్తాను సార్."

"చూసేదేముంది. ఇచ్చేయ్."

మునిరాజ భార్య మల్లమ్మ శవం తలదగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కల్పన పక్కన గొంతుక్కూర్చోగానే చేతి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, ఈయప్ప ఉరేసుకోలేదు."

"ఏం మల్లమ్మా, బాధలో ఏదేదో మాట్లాడతాండావు," అన్నాడు వెనక నిలబడిన ఊరి పెద్ద ఒకాయన. మల్లమ్మ అతని వైపు తిరగలేదు.

"ఈయప్ప కుడి సెయ్యి పైకి లేసేది కాదమ్మా. కాశ్మీరులో దెబ్బ తగిలినకాడి నుంచి అంతే. తల నేను దువ్వేదాన్ని. సొక్కాయి నేను తొడిగేదాన్ని. ముందు కుడి సెయ్యి ఇట్ల దూర్చి, ఆపైన ఎడమది." ఆమె ఖాళీ చేతులతో గాలిలో చొక్కా పట్టుకుని, లేని చేతిని మెల్లగా లోపలికి పంపి, భుజం మీద ముడత సర్ది చూపించింది. "అట్లాంటోడు ఆ మానెక్కి, ఆ కొమ్మకు తాడు కట్టినాడంటే నేనెట్ల నమ్మేది?"

పంచనామా రాస్తున్న హెడ్ కానిస్టేబుల్ పెన్ను ఆపాడు. "కాగితాల్లో అట్ల లేదు మేడం. డిసేబిలిటీ పింఛనుకు అర్జీ పెడితే, సెయ్యి బాగుండాదని బోర్డు డాక్టర్లు తోసేసినారంట. అందరికీ తెలిసిందే."

"ఔ," అంది మల్లమ్మ. "బతికుండంగా సెయ్యి బాగుండాదని పింఛను లేదనిరి. ఇప్పుడు సెయ్యి బాగుండాది గాబట్టి ఉరేసుకున్నాడంటాండారు. రెండు తూర్లూ నన్ను అడిగినోళ్లు లేరు."

కల్పన ఏదో అనబోయేలోగా జనం పక్కకు జరిగారు. తెల్లకారు దిగి సుబేదారు లక్ష్మీపతి వస్తున్నాడు. రిటైరై మదనపల్లెలో స్థిరపడ్డ మనిషి. మాజీ సైనికుల సంఘం ఒకటి పెట్టి, చుట్టుపక్కల ఊళ్లలో ఏ జవాను పింఛను ఆగినా, ఏ జవాను బిడ్డకు కాలేజీ సీటు కావాలన్నా ముందుండి తిరిగే పెద్దమనిషి. నల్లకోటు గుండీలు పెట్టుకుని, శవం ముందు నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. వెంట తెచ్చిన పూల చక్రాన్ని మునిరాజ ఛాతీ మీద ఉంచాడు.

"మా కుర్రవాళ్లకు బయటి గాయాలు మానిపోతాయమ్మా," అన్నాడు కల్పనతో, గొంతు తగ్గించి. "లోపలివే మానవు. పోయిన నెల చెంగయ్య కూడా ఇట్లనే. కుప్పం దగ్గర రైలు కింద పడ్డాడు. ఎంత చెప్పినా వినరు. ఎక్కువ కోతలు లేకుండా ఇచ్చేయండి. గౌరవంగా సాగనంపుదాం."

నిదానమైన గొంతు. వినేవాళ్లకు ఊరట కలిగించే గొంతు. కల్పన తల ఊపింది. అప్పుడే మల్లమ్మ ముందుకు వంగి, పూల చక్రాన్ని రెండు చేతులా ఎత్తి భర్త ఛాతీ మీదినుంచి తీసి నేల మీద పెట్టింది.

"బరువుగా ఉండాది," అంది.

లక్ష్మీపతి ఒక్కక్షణం ఆమెనే చూసి, కోటు సర్దుకుని కారు వైపు నడిచాడు.

ఏరియా ఆసుపత్రిలో డాక్టర్ సిద్ధార్థ పని త్వరగానే ముగించాడు. బయటికొచ్చి, "ఉరే మేడం, రిపోర్టు సాయంత్రం ఇస్తా," అని చేతులు తుడుచుకున్నాడు.

"కుడి భుజం చూశారా?"

"భుజమెందుకు? మీరు అడగలేదు కదా."

కల్పన మార్చురీ మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని అడిగింది. కుడి భుజం కదలిక గురించి, పాత గాయం గురించి అభిప్రాయం కావాలి అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. డాక్టర్ గడియారం చూసుకుని, మళ్లీ గ్లవ్స్ తొడుక్కుని లోపలికి పోయాడు.

ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చాక చేతిలో స్టీలు పళ్లెం ఉంది. అందులో చింతగింజంత నల్లటి ఇనుపముక్క.

"కీలు మొత్తం అతుక్కుపోయింది," అన్నాడు. అతని గొంతులో ఇందాకటి తొందర లేదు. "ఈ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. గాయం లేదని ఎవరన్నారో గానీ, వాళ్లు దీన్ని పట్టుకుని కూడా చూసి ఉండరు. ఇది తెలిశాక మెడ మళ్లీ చూశాను మేడం. తాడు మచ్చ కింద ఇంకో మచ్చ ఉంది. అడ్డంగా, నేరుగా. ముందు వెనకనుంచి గొంతు బిగించి చంపారు. కొమ్మకు కట్టింది ఆ తర్వాతే. మొదటిసారే చూడాల్సింది."

బయట గేటు దగ్గర మల్లమ్మ నిలబడి ఉంది. కల్పన చెప్పింది విని, ఆ ముక్క చూపించమని అడిగింది. డాక్టరే పళ్లెం తెచ్చి పట్టుకున్నాడు. ఆమె దాన్ని తాకలేదు. వంగి చూసింది.

"ఇదేనా, ఇన్నేండ్లూ లేదనింది," అంది.

ఆ సాయంత్రం కల్పన సుదర్శన్‌కు ఫోన్ చేసి చెప్పింది. "సరే. మర్డరంటే మర్డరే. నేను చూసుకుంటాలే," అన్నాడు. గట్టిగా వాదించాల్సి వస్తుందనుకుని సిద్ధపడిన కల్పనకు గుండె తేలికైంది.

మరునాడు ఆమెకు వీక్లీ ఆఫ్. మామూలు చీర కట్టుకుని కుప్పం బస్సెక్కింది. నెల తేడాలో పక్కపక్క చెక్కల వాళ్లు ఇద్దరు చచ్చిపోవడం ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

చెంగయ్య ఇల్లు రైల్వే గేటు దాటాక, రాళ్ల లారీలు పోయే దారిలో ఉంది. ఒక్కో లారీ మీద ఒక్కో పెద్ద నల్లబండ. అది పోయినప్పుడల్లా గోడ మీది రేకు దడదడలాడుతోంది. చెంగయ్య భార్య మారెమ్మ వరండాలో తడిగోనె మీద కొత్తిమీర కుప్ప పోసుకుని కట్టలు కడుతోంది. బెంగుళూరు రైలుకు పంపాల్సిన సరుకు. పోలీసని చెప్పినా ఆమె చేతులు ఆగలేదు.

"పోలీసోళ్లు అప్పుడే వచ్చి రాసుకోని పోయినారు గదా."

"నేను రాసుకోను మారెమ్మక్కా. వినేదానికి వచ్చినా."

మారెమ్మ అరటినార పంటితో చీల్చి, ఇంకో కట్ట కట్టింది. కల్పన కింద కూర్చుని, వాడిన ఆకులు ఏరి పక్కన వేయసాగింది. కాసేపటికి మారెమ్మ మాట్లాడింది.

"పింఛను మీటింగుండాది, బెంగుళూరు నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తాండారు, మెడల్సు పెట్టుకోని రావల్ల అని సుబేదారు కారు పంపించినాడు. నేనే సింతపండేసి మెడల్సు తోమితిని. ఇస్త్రీ సొక్కాయి తొడుక్కోని, రొమ్మున తగిలించుకోని, అద్దంలో సూసుకోని మరీ కారెక్కినాడు. మెడల్సు తోమించుకోని ఎవురన్నా సావను పోతారామ్మా?"

"సుబేదారు ఏమన్నాడు?"

"మీటింగు లేదని తెలిసి టేసను కాడ దింపేసినాము, ఆపైన ఏమైందో మాకు తెలీదు అనినాడు. ఆయప్ప పెద్దమనిషి. ఆయప్ప మాట రాసుకున్నారు. నా మాట రాసుకోలేదు."

"శవం మీద మెడల్స్ ఉన్నాయా?"

మారెమ్మ లేచి లోపలికి పోయి, మడత పెట్టిన లేతనీలం చొక్కా తెచ్చింది. ఉతికినా పోని మరకలున్నాయి. ఎడమవైపు రొమ్ము దగ్గర గుడ్డ చిరిగి, వేలెడు ముక్క ఊడిపోయి ఉంది.

"లేవు. పెరికినట్ల ఉండాది సూడు. అడిగితే, రైలు కింద పడినోడికి మెడల్సు యాడుంటాయిలే అనిరి. పట్టాల పొడుగునా నేనూ నా కోడలూ ఎదికినాము. దొరకలా."

"ఆ కొండవాలు నేల గురించి ఎవరన్నా అడిగేవాళ్లా?"

"అడిగేదేంది. ఆ కొండ కింద మంచి నల్లరాయి ఉండాదంట. ఇచ్చేయండి, క్వారీ పెడతామని సుబేదారే ఎన్నో తూర్లు వచ్చినాడు. ముగ్గురూ ఒకే మాట మీద ఉండిరి. సావు మీదికి తెచ్చుకోని సంపాదించిన నేల, బండలకు ఇచ్చేది లేదని."

ఇంకో లారీ పోయింది. రేకు దడదడలాడి ఆగింది. కల్పన ఆ చొక్కా భద్రంగా ఉంచమని చెప్పి, తన నంబర్ ఇచ్చి లేచింది.

తిరుగు బస్సు పలమనేరులో ఆగినప్పుడు హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"మేడం, సీఐ సార్ ముద్దాయిని పట్టేసినారు. ఎల్లప్పని. ఆసుపత్రి గేటు కాడ డ్యూటీలో ఉంటే జీపెక్కించుకోని వచ్చినారు. మన లాకప్పులోనే ఉండాడు."

కల్పన కూర్చున్న సీటు ముందున్న కమ్మీని గట్టిగా పట్టుకుంది. బస్సు కదిలినా చెయ్యి తీయలేదు.

ఉదయం ఆమె స్టేషన్‌కు పోయేసరికి ఎల్లప్ప లాకప్పులో గోడకానుకుని కాళ్లు చాచుకుని కూర్చున్నాడు. అరికాళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. కాపలావాడి యూనిఫాం చొక్కా ఒంటి మీదే ఉంది, గుండీలు మాత్రం లేవు. ఆమెను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చున్నాడు.

సుదర్శన్ ఆమె కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"సార్, ఆ సమయానికి ఈయన డ్యూటీలో ఉన్నాడు. ఆసుపత్రి గేటు కెమెరా చూద్దాం."

"పని చెయ్యట్లేదంటమ్మా."

"ఎవరన్నారు?"

"నువ్వే కదా మర్డరన్నావు?" టీ గ్లాసు కింద పెట్టాడు. "డాక్టర్ చేత రాయించుకొచ్చింది కూడా నువ్వే. నేను కాదన్నానా? మర్డరైతే చంపినవాడు ఉండాల కదా. సరిహద్దు తగాదా. ముగ్గురూ కొట్లాడుకోవడం చూశానని లక్ష్మీపతి గారు స్టేట్‌మెంట్ ఇచ్చారు. చెంగయ్యను కూడా వీడే తోసుంటాడని అనుమానం. మిలిటరీలో చంపడం నేర్చుకొచ్చినవాడు, వాడికెంత పని. సాయంత్రం రిమాండ్‌కు పంపుతా."

కల్పన బయటికి వచ్చి కుళాయి దగ్గర నిలబడి ముఖం కడుక్కుంది. ఒక చెక్కవాడు రైలు కింద. ఒక చెక్కవాడు కొమ్మకు. మూడో చెక్కవాడు జైలుకు. ఇక కొండకు అడ్డం ఎవరూ లేరు. ఆ మూడోది తన సంతకంతోనే జరిగింది. ఒక ఆడమనిషి మాట నిజమని తను రుజువు చేస్తే, ఆ నిజాన్ని తీసుకెళ్లి ఇంకొకడి అరికాళ్ల మీద కొట్టారు. నీళ్లు ఎన్నిసార్లు చల్లుకున్నా ముఖంలో మంట చల్లారలేదు.

లాకప్పు దగ్గరికి పోయి ఊచల ముందు కూర్చుంది.

"ఎల్లప్పన్నా, లక్ష్మీపతి నిన్ను ఎప్పుడన్నా మీటింగుకు రమ్మన్నాడా?"

"ఆ, మొన్న కబురంపినాడు మేడం. మెడల్సు పెట్టుకోని రమ్మన్నాడు. డ్యూటీ మార్చుకునేదానికి మనిషి దొరక్క పోలేదు." తర్వాత మెల్లగా అన్నాడు. "దొరికుంటే నేనూ పోయుండేవాణ్ణి. సుబేదారు సాబ్ పిలిస్తే పోకుండా ఉండము మేము."

సంఘం ఆఫీసులో ఆ రోజే మునిరాజ సంతాపసభ ఉందని హెడ్ కానిస్టేబుల్ చెప్పాడు. కల్పన మారెమ్మకు ఫోన్ చేసి, చొక్కా తీసుకుని మదనపల్లె బస్టాండుకు రమ్మంది. మల్లమ్మను తనే జీపులో ఎక్కించుకుంది. సీఐకి చెప్పలేదు. డీఎస్పీ ఆఫీసుకు ఫోన్ చేసి, ఎక్కడికి, ఎందుకు పోతున్నదీ చెప్పి, ఒక మనిషిని పంపమని అడిగింది. ఏం దొరుకుతుందో ఆమెకు తెలియదు. ఆ ఇద్దరు ఆడవాళ్లు చెప్పేది ఆ గదిలోని పాత సైనికులు వినాలి, అంతవరకే అనుకుంది.

గది నిండా కోట్లు తొడుక్కున్న పెద్దవాళ్లు. ముందు బల్ల మీద మునిరాజ యువకుడిగా ఉన్నప్పటి ఫోటో, పూలు. లక్ష్మీపతి మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. తోటి సైనికుడే తోటి సైనికుణ్ణి పొట్టనపెట్టుకోవడం మన యూనిఫాంకే మచ్చ అంటున్నాడు. ఆడవాళ్లను చూసి మాట ఆపి, కుర్చీలు వేయమన్నాడు.

మారెమ్మ కూర్చోలేదు. పక్క గోడకు అద్దాల బీరువా ఉంది. పోయిన సభ్యుల ఫోటోలు, ఒక్కో ఫోటో కింద వాళ్ల పతకాలు. ఆమె నేరుగా దాని ముందుకు నడిచి నిలబడింది. చెంగయ్య ఫోటో కింద, ఎర్ర మఖమలు మీద, మెడల్స్ వరస మెరుస్తోంది.

"ఇవి ఈడికెట్ల వచ్చినాయప్పా?"

"నువ్వే కదమ్మా ఇచ్చావు, కర్మ రోజు," అన్నాడు లక్ష్మీపతి మైకులోంచే. "సంఘంలో ఉంచమని."

"నేను యాడ ఇస్తిని. పట్టాల మీద ఎదుకుతా ఉంటిని గదా నేను."

కల్పన బీరువా తెరవమంది. తాళం లక్ష్మీపతి దగ్గర ఉంది. అతను కదల్లేదు. ముందు వరుసలోని ముసలి హవల్దారు ఒకాయన లేచి, చేతికర్ర ఊనుకుంటూ పోయి, లక్ష్మీపతి ముందు చెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. చివరికి తాళంచెవి అందులో పడింది.

కల్పన రుమాలుతో పతకాల పట్టీని తీసి వెనక్కి తిప్పింది. ముందువైపు ఎవరో శ్రద్ధగా తుడిచారు. వెనకాల, వంకరపోయిన పిన్నుకు వేలెడు గుడ్డ పీలిక చిక్కుకుని ఉంది. లేతనీలం గుడ్డ. మారెమ్మ సంచిలోంచి చొక్కా తీసి, చిరుగు పైకి వచ్చేట్టు రెండు చేతులా పట్టుకుంది. హవల్దారు కళ్లజోడు సర్దుకుని చిరుగు చూశాడు, పీలిక చూశాడు. పక్కకు తప్పుకుని మిగిలినవాళ్లను చూడనిచ్చాడు. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. ఎవరూ తిరిగి కుర్చీల్లో కూర్చోలేదు. తలుపు దగ్గర, కిటికీల దగ్గర నిలబడిపోయారు.

లక్ష్మీపతి మైకు ముందునుంచి జరిగి కుర్చీలో కూలబడ్డాడు. అతని మాట మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

"మెడల్సు పట్టాల మీద పడెయ్యలేకపోయినా."

"మనిషిని పడెయ్యగలిగితివి," అన్నాడు హవల్దారు.

లక్ష్మీపతి కారు నడిపినవాడు ఆ సాయంత్రమే నోరు విప్పాడు. చంపింది క్వారీలో లక్ష్మీపతి భాగస్వామి పంపిన మనుషులిద్దరు, తను. చెంగయ్యను చంపినప్పుడు లక్ష్మీపతి కారులోనే ఉన్నాడు. మునిరాజ దగ్గరికి మాత్రం రాలేదు, ఉరిలాగా కనపడాలని చెప్పి పంపాడు. ఆ చెయ్యి సంగతి చంపడానికి వెళ్లినవాళ్లకు తెలియదు. తెలిసినవాడు వెంట లేడు. డీఎస్పీ కూర్చుని అన్నీ రాయించాడు. మరునాటి పేపర్లో మాత్రం, జంట హత్యల మిస్టరీని చాకచక్యంగా ఛేదించిన సీఐ సుదర్శన్ అని ఫోటో పడింది.

కోర్టు విడిచిపెట్టాక, ఫోనూ పర్సూ తీసుకోవడానికి ఎల్లప్ప స్టేషన్‌కు వచ్చాడు. నడవలేక గోడ పట్టుకుని వచ్చాడు. వెంట వచ్చిన మల్లమ్మ అతని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆసుపత్రివాళ్లు పనిలోంచి తీసేశారని అతను చెప్తున్నప్పుడే సుదర్శన్ జీపు దిగి లోపలికి వచ్చాడు.

"మనసులో పెట్టుకోవద్దప్పా ఎల్లప్పా," అని భుజం తట్టాడు. "డ్యూటీలో ఒక్కోసారి తప్పదు. మిలిటరీవాడివి, నీకు నేను చెప్పాల్నా."

ఎల్లప్ప ఆ చేతిని చూసి, మెల్లగా భుజం పక్కకు తీసుకున్నాడు.

"శత్రువుకు చిక్కితే పేరూ ఆర్మీ నంబరూ చెప్పండి, అంతకు మించి అడిగే హక్కు వాళ్లకు లేదు అని మాకు నేర్పినారు సార్. యాడా చిక్కలేదు నేను. ఈడ, మనోళ్ల దగ్గర, పేరూ నంబరూ చెప్పినా. దానికే నవ్వి, ఇంకో రెండు ఎక్కువ కొట్టినారు."

ఎల్లప్ప కల్పన వైపు తిరిగాడు.

"కంప్లైంటు ఇయ్యాల మేడం."

"కల్పనా," అన్నాడు సుదర్శన్. అంతే అన్నాడు. గొంతు పెంచలేదు.

హెడ్ కానిస్టేబుల్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ఈ మనిషి కింద ఇంకా ఎన్నేళ్లు పని చేయాలో, ఎక్కడికి బదిలీ అవుతుందో కల్పనకు తెలుసు. సొరుగు లాగి తెల్లకాగితాలు తీసి బల్ల మీద సర్దింది. పెన్ను మూత తీసింది.

"పేరు చెప్పన్నా."

ఎల్లప్ప కుర్చీ చేతులు పట్టుకుని, ఆ ఉబ్బిన పాదాల మీదే లేచి నిటారుగా నిలబడ్డాడు. పేరు చెప్పాడు.

"నంబరు కూడా," అంది కల్పన.

చెప్పాడు. ఆమె రెండూ రాసుకుంది. తర్వాత తలెత్తి, సుదర్శన్ వింటుండగా అడిగింది.

"కొట్టిందెవరు?"